ఒంటినొప్పులును ఊరినీళ్ళును



ఇల్లాలు తన ఒడలు నొచ్చుచున్నదని చెప్పుట మన యిండ్లలో వార్త కాదు. జ్వరము వచ్చినచో నుదురు తాకి చూతురు. కాలు విరిగినచో కట్టు కట్టింతురు. బిడ్డ దగ్గినచో ఇల్లంతయు మేల్కొనును. కాని తెల్లవాఱి లేచునప్పటికే రాత్రి యంతయు వడ్లు దంచినదానివలె ఒడలు బరువెక్కుట, మోకాళ్ళును నడుమును పట్టుకొనిపోవుట, బిందె చంక కెత్తుకొనునప్పుడు చేతులలో తిమ్మిరి పాఱుట, వీనిని గుఱించి చెప్పినచో వినువా రెవరు? అత్తగారు "పది కాన్పులు కన్నాం మేము, ఇట్టాంటి నొప్పులు ఎరగం" అనును. పొరుగింటామె బాలింత పథ్యము చెడినదనును. ఊరి ఆర్. ఎం. పి. గారు బలమునకని యొక సూది వేయును. పట్టణపు వైద్యుడు రక్తము పరీక్షింపించి, కాగితములు త్రిప్పి, "ఏమీ లేదమ్మా, అన్నీ నార్మల్‌గా ఉన్నాయి. మనసు కాస్త కుదుటగా పెట్టుకో" అని పంపివేయును. ఆమె బస్సెక్కి యిల్లు చేరి మఱల బిందె యెత్తును. నొప్పి యెక్కడికిని పోలేదు. పైగా దానికిప్పుడు అబద్ధమను పేరు కూడ వచ్చినది.

వైద్యులను నిందించుటకై నేనీ వ్యాసము వ్రాయుటలేదు. పెద్దాసుపత్రిలో ఉదయము ఓ. పి. చీటీల వరుస చూచినవారికి, ఒక్కొక్క రోగికి వైద్యు డీయగలిగిన నిమిషము లెన్నియో తెలియును. అయినను "ఏమీ లేదు" అను మాటకును "నాకేమియు కనబడలేదు" అను మాటకును నడుమ గల దూరమును కొలిచి చూడవలసియున్నది. అందుకు దూరదేశముల కేగ నక్కఱలేదు. ప్రపంచమునందలి వైద్యగ్రంథములలో మన నెల్లూరు పేరు నిలిచియుండుటకు కారణమైన యొక వ్యాధియే యిందుకు నిదర్శనము.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 1970 వఱకు నెల్లూరు జిల్లాలోనివే. ఆ యేట ఒంగోలు జిల్లా యేర్పడెను. 1972 లో దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. మన తీరమునుండి పడమరగా పోయినకొలది ఇసుకయు వరిమళ్ళును వెనుకబడి, రాతినేలలును మెట్టచేలును వచ్చును. వానలు తక్కువ. అక్కడి వారికి తరతరములుగా బావినీరే ఆధారము. ఆ యూళ్ళలో ముప్పదియేండ్లు దాటిన మగవారికిని ఆడువారికిని మొదట కాళ్ళుచేతులలో చీమలు ప్రాకినట్లుండెడిది. పిమ్మట నడుమునొప్పి. ఆపై ఆ నొప్పియు బిగువును వెన్ను వెంబడి పైకి ప్రాకి మెడను చేరెడివి. కొన్నియేండ్లకు వెన్నెముక మొత్తము ఒక్క కఱ్ఱవలె నయి, మనిషి ప్రక్కకు చూడవలెనన్నను ఒడలంతయు త్రిప్పవలసివచ్చెడిది. నేల కూరుచుండలేరు, కూరుచున్న లేవలేరు. దీనిని జనులు వాత మనిరి. వైద్యులును వాతమే యనిరి. ముసలితన మని కొందఱు, పూర్వజన్మఫల మని కొందఱు సరిపెట్టుకొనిరి.

ఇక్కడ నొక సంగతి చెప్పక యుండలేను. 1930 ప్రాంతమున దర్శివైపు రైతులు తమ యెద్దులు కాళ్ళు వాచి, నొప్పిచే నడువలేకపోవుటను గమనించి కలత చెందిరని ఈ వ్యాధిచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మనుష్యులలోని వ్యాధి గుర్తింపబడినది అటుపిమ్మటనే. ఎద్దు నిలబడిపోయినచో దుక్కి నిలిచిపోవును. దుక్కి నిలిచినచో శిస్తు నిలిచిపోవును. కావున ఎద్దు నొప్పి పదిమంది చెవిని పడును. ఆ యెద్దునకు కుడితి కలిపి, నీళ్ళు తోడి పోసిన యిల్లాలి నడుము వంగక యెన్నియేండ్లయ్యెనో ఎవరు లెక్క వ్రాసిరి?

1937 లో మదరాసు గిండీలోని కింగు ఇన్‌స్టిట్యూటువారు ఈ విషయమును చేపట్టిరి. షార్టు, మెక్‌రాబర్టు, బార్నార్డు, మన్నాడి నాయరు అను నలువురు వైద్యులు చెన్నరాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గుఱించి భారతీయ వైద్యపరిశోధనా పత్రికలో వ్రాసిరి. అదే సంవత్సరమున షార్టు, పండిట్, రాఘవాచారి గార్లు నెల్లూరు జిల్లా పేరుతోనే వేఱొక వ్యాసము ప్రకటించిరి. బార్నార్డుగారు ఎక్స్‌రే శాస్త్రమునం దారితేఱినవాడు. మదరాసులోని రేడియాలజీ సంస్థ నేటికిని ఆయన పేరుతోనే యున్నది. ఎక్స్‌రే పటములలో ఈ రోగుల యెముకలు సాధారణముకంటె దట్టముగను తెల్లగను కనబడెను. వెన్నుపూసలను కలుపు మెత్తని బంధనములు సైతము సున్నము పేరుకొని యెముకలుగా మాఱియుండెను. కారణము వారి దేహములలో లేదు. వారి బావులలో నుండెను. రాళ్ళలోని ఫ్లోరైడు అను లవణము నీటిలో కరగి, త్రాగినవారి యెముకలలో రోజురోజునకు కొంచెము కొంచెముగా చేరుచుండెను. దానికి రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. మన తీరపు బావులలోని ఉప్పదనమును నాలుక వెంటనే పట్టును. ఫ్లోరైడును ఏ నాలుకయు పట్టజాలదు.

విచిత్ర మేమనగా, ఇంచుమించు అదే కాలమున ఐరోపాలోను ఈ వ్యాధి అనుకొనకయే బయటపడెను. 1932 లో కోపెన్‌హాగెన్ నగరమున క్రయొలైటు అను ఖనిజమును పొడిచేయు కార్ఖానాలోని పనివారి ఊపిరితిత్తులను చూతమని మోలర్, గుడ్‌యోన్సన్ అను వైద్యులు ఎక్స్‌రేలు తీసిరి. ఊపిరితిత్తుల మాట యటుండ, ఎముకలే చిత్రముగా దట్టముగా కనబడెను. ఆ ఖనిజములో ఫ్లోరైడు కలదు. అచ్చటి పనివారు దుమ్మురూపమున పీల్చినదానినే మన పొదిలి స్త్రీలు కడవలతో మోసి తెచ్చుకొనిరి.

తరువాతి కథ నల్లగొండది. అచ్చటి వ్యాధిని గుఱించి సిద్దీఖీగారు 1955 లో బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసిరి. 1973 లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడు ప్రాంతములలోని బాలుర మోకాళ్ళు లోపలికి వంగిపోవుటను వర్ణించిరి. ఆ బిడ్డల చిత్రములు పత్రికలలో వచ్చిన తరువాతనే దేశమునకు ఈ వ్యాధి కంటబడినది. వంకరకాళ్ళు కంటికి కనబడును. ఇల్లాలి నడుమునొప్పి చిత్రమున పడదు.

ఇప్పుడు మా వదినగారి సంగతి చెప్పెదను. ఆమె మా తీరపు పిల్ల. ఇరువదవయేట కనిగిరివైపు కాపురమునకు పోయినది. ముప్పదియైదు నిండకముందే ముంగిట ముగ్గు వేయుటకు వంగలేక, చీపురుకట్టకు పొడుగు కఱ్ఱ కట్టించుకొనినది. మడమలు, మోకాళ్ళు, నడుము, ఎప్పుడును తీఱని బడలిక. మూడేండ్లలో నలుగురు వైద్యులను చూచెను. ఒకరు నీరసమునకు సీసాలెక్కించిరి. ఒకరు దిగులునకు మాత్ర లిచ్చిరి. ఇంకొకరు ఫ్లోరైడు సంగతి తలచినవారే. కాని ఆమెను నోరు తెఱువుమని చూచి, పండ్లు మల్లెమొగ్గలవలె నున్నవి, నీకా జబ్బు లేదు పొమ్మనిరి.

ఈ పండ్ల సంగతి మనవంటివారు ముఖ్యముగా తెలిసికొనవలసినది. ఫ్లోరైడు ఊళ్ళలో పుట్టిపెరిగినవారి పండ్లమీద సుద్దమచ్చలును, గోధుమరంగు చారలును ఉండుట నిజమే. కాని ఆ మచ్చలు చిగుళ్ళలోపల పండ్లు తయారగు బాల్యమునందే, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపుననే యేర్పడును. ఆ వయస్సు దాటిన పిమ్మట ఎంత ఫ్లోరైడు నీరు త్రాగినను పండ్లకు మచ్చ రాదు. ఎముకలకు మాత్రము చేటు తప్పదు. పుట్టినయూరిలోనే యుండిపోవు మగవానికి పండ్లే సాక్ష్యము. పెండ్లియై వేఱొక నీటిసీమనుండి వచ్చిన కోడలికి ఆ సాక్ష్యము లేదు. ఆమె పండ్లు పుట్టింటి నీటిని చెప్పును, ఎముకలు అత్తింటి నీటిని చెప్పును. మా వదినగారి పిల్లల పండ్లమీద మచ్చలు స్పష్టముగా నున్నవి. వారిని చూచిన వారెవరును తల్లి నడుమును తలంపలేదు.

కడపట ఒక చిన్నవయస్సు వైద్యురాలు మందుచీటీ వ్రాయుటకు ముందు, "పెండ్లి కాకముందు ఏ ఊరు? ఇప్పుడు తాగే నీళ్ళు ఎక్కడివి? బోరా, కాలువా?" అని యడిగెను. నలుగురు అడుగని ప్రశ్న యది. ముంజేతికిని కటిభాగమునకును ఎక్స్‌రే తీయించి, నీటిని పరీక్షకు పంపెను. నీటిలో ఫ్లోరైడు ఉండదగిన మేరకు మూడింతలు దాటినది. ఆ మాట వినినప్పుడు మా వదినగారు కన్నీరు పెట్టుకొనిరి. దుఃఖముచేత కాదట. "పిచ్చిదాన్ని కాదు గదా నేను" అని మాత్రము రెండుమూడు సారు లనిరి. త్రాగునీరు మార్చి రెండేండ్లయినది. నొప్పులు సగము తగ్గినవి. బిగిసిన నడుము బిగిసినట్లే యున్నది. ఎముకలో చేరినది యేండ్లకొలదికి గాని కరగదు.

మా తండ్రిగారు నాకు చిన్ననాట చరకసంహితలోని కొన్ని పట్టులు చదివి చెప్పియుండిరి. అందు విమానస్థానమున జనపదోద్ధ్వంసమును గుఱించిన యధ్యాయ మొకటి కలదు. ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు వేఱువేఱైన జనులందఱకు ఒక్కమారే వ్యాధి యెట్లు వచ్చునని ప్రశ్న. అందఱకును సమానమైనవి నాలుగు: గాలి, నీరు, దేశము, కాలము, అవి చెడినచో ఊరంతయు చెడునని సమాధానము. పాతదంతయు సత్యమని వాదించుదానను కాను. చరకునకు ఫ్లోరైడు తెలియదు. అయినను ఆ ప్రశ్న యడుగు పద్ధతి మాత్రము మన నేటి ఆసుపత్రి చీటీలలో కొఱవడినది. చీటీమీద పేరు, వయస్సు, బరువు, రక్తపు పోటు ఉండును. నీళ్ళకు గడి లేదు.

మా తీరమున, అనగా కావలి, అల్లూరు, ముత్తుకూరు ప్రాంతముల, మెట్టసీమవలె ఫ్లోరైడు భయము లేకపోవచ్చును. కాని నాట్లువేయు స్త్రీలు, ఉప్పుకొటార్లలో పనిచేయువారు, రొయ్యల షెడ్లలో మంచునీటిలో చేతులుంచి నిలబడువారు, అందఱును ఈ బడలికనే చెప్పుదురు. వీరి నొప్పికి వేఱు కారణములు కలవు, అవియు దాగియుండునవే.

అందు మొదటిది రక్తహీనత. 2019–21 నడుమ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో దేశమునందలి 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తము తక్కువగా నున్నట్లు తేలెను. ఇందఱికి కలదు కాబట్టియే అది జబ్బుగా లెక్కకు రాకున్నది. పాండురోగమును అయిదు విధములుగా చెప్పిన చరకుడు అందొకటి మన్ను తినుటవలన కలుగునదిగా చెప్పెను. పచ్చిబియ్యము నములుట, బలపములు కొఱుకుట, తడిమట్టి వాసనకు నోరూరుట, ఇవన్నియు మనలో పలువురికి రహస్యముగా నుండు అలవాట్లు. ఇనుము తక్కువైన దేహము చేయు సైగ యిది కావచ్చునని నేటి వైద్యులును చెప్పుదురు. సిగ్గుపడక చెప్పవలసినది. ఇంకొక సూక్ష్మము: హిమోగ్లోబిన్ 12 దాటియున్నను, ఒడలిలో నిలువయుండు ఇనుము అడుగంటియుండవచ్చును. దానిని ఫెరిటిన్ అను వేఱు పరీక్షలో గాని చూడలేరు. "అన్నీ నార్మల్" అను కాగితమునందు ఆ పరీక్ష యున్నదా యని చూచుకొనుడు. నెలసరిలో పోవు రక్తము ఎక్కువయా తక్కువయా అని వైద్యు డడుగకపోయినను మనమే చెప్పవలెను. భర్త ప్రక్కన కూరుచున్నాడని దాచినచో దాగునది వ్యాధియే.

కంఠమునందలి థైరాయిడు గ్రంథి మందగించినను బడలిక, ఒంటినొప్పులు, చలి, బరువు పెరుగుట కలుగును, టి. ఎస్. హెచ్. అను ఒక్క రక్తపరీక్షతో తెలియును. శాకాహారులలో బి12 కొఱవడినచో కాళ్ళలో తిమ్మిరులు వచ్చును. ఎండ మెండుగా నున్న మన సీమలో విటమిన్ డి కొఱత యుండునా యని నవ్వకుడు: తిరుపతిలో స్విమ్స్ వైద్యులు 2000 తరువాతి దశకమున చేసిన పరిశోధనలలో మన చుట్టుప్రక్కల జనులలోనే అది విరివిగా కనబడెను. వంటయింటిలో నుండువారికి ఎండ కిటికీ అవతలి వస్తువు గదా. ఇక ప్రొద్దున్నే వ్రేళ్ళు బిగిసి, గంటసేపటికిని ముడుచుకొననీయకున్నచో కీళ్ళవాతము తలంపునకు రావలెను. అది పురుషులకంటె స్త్రీలకు రెండుమూడు రెట్లు ఎక్కువ. మొదటి నెలలలో ఎక్స్‌రేలో ఏమియు కనబడకపోవచ్చును.

2005 చివర మన రాష్ట్రమున ప్రవేశించి మఱుసటియేడు దేశమంతటను వ్యాపించిన చికున్ గున్యా జ్వరమును మఱచినవారు లేరు. ఆ పేరు టాంజానియాలోని మకొండే భాషలోనిది; వంగిపోవుట యని దాని భావము. జ్వరము వారములో పోయెను, కీళ్ళనొప్పులు కొందఱకు నెలలు, కొందఱకు సంవత్సరములు నిలిచిపోయెను. జ్వరము తగ్గినది గదా, ఇంకేమి నొప్పియని వారినడిగినవారును లేకపోలేదు.

అన్ని పరీక్షలు చేయించినను కారణము దొరకనివారి మాట యేమి? వారి సంగతి లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో జరిగినదానితో చెప్పవచ్చును. 1955 జూలైలో అచ్చటి సిబ్బందిలోనే ఒక వింతజబ్బు పుట్టి, నవంబరులోపున 292 మందిని పట్టెను. ఎక్కువమంది నర్సులు. కండలనొప్పి, తలనొప్పి, తీఱని బడలిక. కొందఱు ఏండ్లకొలది కోలుకొనలేదు. 1970 లో ఇద్దఱు మానసికవైద్యులు, ఆ రోగులను స్వయముగా పరీక్షింపకయే, పాతచీటీలు మాత్రము చూచి, అది ఆడువారిలో నొకరిని చూచి యొకరు తెచ్చుకొన్న ఉన్మాద మని బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసిరి. ఆ మాట పట్టుకొని మఱికొన్ని దశాబ్దములు గడచెను. 2015 లో అమెరికాలోని వైద్యవిద్వత్సంస్థ ఈ దీర్ఘకాలపు బడలిక నిజమైన దేహవ్యాధి యని, కొద్దిపాటి శ్రమచేసినను మఱునాటికి పడకపట్టుట దాని ముఖ్యలక్షణ మని ప్రకటించెను. దానిని నిర్ధారించు రక్తపరీక్ష నేటికిని లేదు. కోవిడు తరువాత నెలలతరబడి లేవలేకపోయిన మన బంధువులను చూచినవారికి ఈ సంగతి క్రొత్తగా తోచదు.

దిగులువలన ఒడలు నొచ్చుట అబద్ధమని నా భావము కాదు. మనసు క్రుంగినప్పుడు దేహము క్రుంగును. దానికిని వైద్య మవసరమే, అందు సిగ్గులేదు. కాని దిగులు మందిచ్చువాడు అది దిగులే యని చూచి తేల్చి యీయవలెను. వేఱేమియు దొరకలేదు గనుక దిగులని తీర్పు చెప్పుట చీట్లపేకవంటిది.

నమ్మినవాడు లేనప్పుడు స్త్రీ యేమి చేయును? మందులకొట్టుకు పోవును. పది రూపాయల నొప్పిబిళ్ళలు తెచ్చి, బియ్యపుడబ్బా వెనుక దాచుకొని, రోజు కొకటి వేసికొనును. వాని యలవాటు కడుపులో పుండ్లు చేయును, మూత్రపిండములను చెఱచును. శ్రీకాకుళము తీరమున ఉద్దానమని పేరుపొందిన కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి వేలకొలది కుటుంబములను కూల్చినది; దాని మూలకారణ మిప్పటికిని నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ఆ రోగులకొఱకే తెఱచిరి. ఆ వ్యాధియు మొదట బడలికగానే యుండును, ఒంటినొప్పులుగానే యుండును. నొప్పియని బిళ్ళ మ్రింగినచో ఉన్న వ్యాధికి ఆజ్యము పోసినట్లగును. పేరు లేని పొట్లములలో అమ్ము పొడుల సంగతి యింకను చెడ్డది. కొన్నింటిలో స్టీరాయిడులు కలుపుదురు. మూడుదినములలో లేడిపిల్లవలె నడతురు. ఆఱునెలలకు ముఖము ఉబ్బి, ఎముకలు గుల్లబాఱి, చక్కెరవ్యాధి తోడగును.

కావున వైద్యునియొద్దకు మఱల పోవలసినదే, అయితే చేతులూపుకొని పోరాదు. "ఎప్పటినుండి?" అని అడిగినప్పుడు "ఎప్పటినుండో" యని చెప్పినచో, ఆయన కలము అక్కడనే నిలుచును. పాలలెక్క వ్రాసికొను పుస్తకమున వెనుకనుండి ఒక పుట తీసి, పదునైదు దినములు వ్రాయుడు: లేచునప్పుడెట్లున్నది, ఏ కీలు ముందుగా నొచ్చినది, ఏ పని చేయలేకపోయితిరి. "నొప్పిగా నున్నది" యనుటకంటె "పోయిన సంక్రాంతికి బియ్యపుమూట దింపితిని, ఈ యేడు కుంచెడు బియ్యము చాటలో చెఱుగలేకున్నాను" అనుట వైద్యునికి పనికివచ్చును. పుట్టినయూరు, మెట్టినయూరు, త్రాగునీరు, కాన్పులు, గర్భస్రావములు, వేసికొను మాత్రలు, టీ యెన్నిసార్లు త్రాగుదురో అదియు వ్రాయుడు. టీలోను ఫ్లోరైడు కలదు. అన్నముతో కలిపి త్రాగినచో ఇనుమును ఒంటబట్టనీయదు. అప్పటికిని "ఏమీ లేదు" అనినచో, కోపపడక, "ఏవేవి కావని తేల్చినారో ఈ కాగితముమీద వ్రాసి యీయండి" అని అడుగవచ్చును. ఆ యొక్క ప్రశ్నతో మఱల కూరుచుండబెట్టి నాడి చూచిన వైద్యుని నేనెఱుగుదును.

ఇక నీటి సంగతి. ప్రపంచ ఆరోగ్యసంస్థ లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదనును. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రాము, వేఱు నీరు దొరకనప్పుడు 1.5. నీటిని కాచినందున అది పోదు; నీరు ఇగిరినకొలది ఇంకను చిక్కబడును. గుడ్డలో వడగట్టినను, మామూలు క్యాండిలు ఫిల్టరులో పోసినను పోదు. పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతిని నాగపురిలోని నీరీ సంస్థవారు కనుగొనిరి. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఆర్. ఓ. యంత్రము చాలవఱకు తీసివేయును. వాననీటిలో ఫ్లోరైడు భయము లేదు. నాగార్జునసాగరు కాలువ దర్శివైపునకు, భగీరథ పథకపు గొట్టములు 2016 తరువాత నల్లగొండకు నదీజలమును తెచ్చినవి. గొట్టము చేరని యూళ్ళును, చేరినను వేసవిలో ఎండిపోవు కొళాయిలును ఉన్నవి. అప్పుడు మఱల బోరే గతి. పాలు, రాగిజావ, ఉసిరి, జామ వంటివి తగినంత తినువారికి బాధ కొంత తగ్గుననియు, తిండి చాలని యిండ్లలోనే వ్యాధి ముదురుననియు మొదటినుండియు పరిశోధకులు గమనించుచు వచ్చిరి.

2019 లో మొదలైన జల జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని నియమము కలదు. పెట్టెలో చిన్న గాజుగొట్టము, మందుసీసా ఉండును. నీటిలో కొన్ని చుక్కలు వేసినచో గులాబిరంగు వచ్చును. ఫ్లోరైడు ఎక్కువైనకొలది అది పసుపువైపు మాఱును. మా వదినగారి యూరిలో ఆ పెట్టె పంచాయతీ కార్యాలయపు బీరువాలో తాళముతో నుండెను. ఆమె సంగతి తెలిసిన తరువాత స్త్రీలే పోయి తాళము తీయించి, ఊరి రెండు బోరుల నీటిని చూచిరి. బడియొద్ద బోరునీరు చూచుచుండగనే పసుపుపచ్చ నయ్యెను. గుడివెనుక బోరునీరు, నూఱుగజముల దూరముననే యున్నను, గులాబిరంగుననే నిలిచెను. ఇప్పు డా యూరి స్త్రీలు గిన్నెలు తోముటకును బట్టలు ఉతుకుటకును బడి బోరునకు పోవుదురు. త్రాగుటకును వంటకును గుడివెనుకనుండి మోసికొని వత్తురు. బడిపిల్లల నీళ్ళడబ్బా కూడ అక్కడనుండియే నిండుచున్నది.